గుడ్డు రంగు – పుంజు చుట్టరికం

(ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా గోదావరిఖనిలో జరిగిన మన సంఘం సభలో, యువజన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మాకంటే ముందు మాట్లాడినవాళ్లు కొమురం భీం గురించి చెప్పారు, పోడు భూముల గురించి చెప్పారు, మన భాషల గురించి చెప్పారు. మమ్మల్ని కోడిగుడ్ల గురించి చెప్పమన్నారు. వెనక వరసలో నవ్వు వినబడుతోంది. నవ్వండి, మేం ఈ పని మొదలుపెట్టినప్పుడు మా ఇళ్లల్లో కూడా ఇట్లాగే నవ్వారు. డిగ్రీ చదివిన పిల్లలు పొద్దున్నే లేచి పెట్ట వెనక తిరుగుతున్నారేంటని.

మేం ఐదుగురం. మాలో ఇద్దరివి ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన గోండు కుటుంబాలు, ఇద్దరివి చెన్నూరు వైపు నాయకపోడు కుటుంబాలు, ఒకరిది కోయ కుటుంబం. బాయి పని కోసం మా తాతలో, నాన్నలో ఇక్కడికి వచ్చారు. ఊరు విడిచి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నవాటిలో ఇప్పటికీ మిగిలింది ఏంటని లెక్క చూస్తే, ఒక డోలు, రెండు కంచు గిన్నెలు, నాలుగు పెట్టలు. ఆ పెట్టల సంతతే ఇప్పుడు మా దడుల్లో తిరుగుతోంది.

2020 మీకు గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడి తింటే కరోనా వస్తుందని పుకారు లేచి ఫారం కోళ్లను అడిగే దిక్కు లేకుండా పోయింది. కొన్ని నెలలు గడిచాక గాలి తిరిగింది. ఒంట్లో బలం రావాలంటే గుడ్డు తినాలన్నారు, అందులోనూ నాటు గుడ్డే తినాలన్నారు. ఆ చలికాలం మాలో ఒకరి అత్త గంపలో గడ్డి పరిచి నలభై గుడ్లు పెట్టుకుని లక్ష్మీనగర్ మార్కెట్‌కు పోయింది. అవన్నీ మన పెట్టలవే. పొద్దంతా తిరిగి పురుగు, పుట్ర, చెదలు ఏరుకుని తిని పెట్టిన గుడ్లు. ఒక క్వార్టర్ ఆమె వచ్చి గంపలోకి చూసి, ‘నాటు గుడ్లు ఎర్రగుంటయి గదా, ఇవి తెల్లగున్నయ్’ అని పక్క బండి దగ్గరికి పోయింది. ఆ బండి మీద ట్రేల నిండా ఒకే సైజు, ఒకే రంగు గుడ్లున్నాయి, లెక్కగా ఇటుకలు పేర్చినట్టు. అవి నాటువో కావో ఎవరూ అడగలేదు. రంగు చూసి కొన్నారు. అత్త సాయంత్రానికి ముప్పై గుడ్లు మళ్లీ ఇంటికి తెచ్చింది.

ఆ రాత్రి మాలో ఒకడు అన్న మాట దాచుకోకుండా చెప్తాం. ‘టీ డికాషన్‌లో ముంచితే అయిపోతది, అందరూ చేస్తున్నదే’ అన్నాడు. వాడి నాయనమ్మ అక్కడే కూర్చుని ఉంది. ‘గుడ్డు పెంకు మీద పూస్తవురా? రంగు ఉంటే పెట్ట కడుపుల ఉండాలె’ అంది. ఆమె తిట్టడానికే అన్నది. మాకు మాత్రం అందులో పని కనబడింది. పెట్ట కడుపులో రంగు ఎట్లా వస్తుంది? ముదురు రంగు గుడ్డు పెట్టే పెట్టలను ఏరుకుంటూ పోతే వాటి బిడ్డలు ఇంకా ముదురు గుడ్లు పెడతాయా?

ముందు ఒక మాట తేల్చుకుందాం, ఎందుకంటే దీని గురించి సెల్‌ఫోన్లలో చాలా అబద్ధాలు తిరుగుతున్నాయి. గుడ్డు పెంకు రంగుకూ గుడ్డు బలానికీ సంబంధం లేదు. తెల్ల గుడ్డయినా ఎర్ర గుడ్డయినా లోపల ఉండే మాంసకృత్తులు ఒకటే, గుడ్డుకు దాదాపు 6 గ్రాములు. లోపలి పచ్చసొన రంగు మేతను బట్టి వస్తుంది. పచ్చి ఆకు, పచ్చ మక్కలు తిన్న పెట్ట సొన నారింజ రంగుకు తిరుగుతుంది. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది. ఫారాల్లో బోనుల్లో పెంచే కోళ్లలో కూడా ఎర్ర గుడ్లు పెట్టే జాతులున్నాయి. మన నాటు పెట్టల్లో చాలావరకు లేత మీగడ రంగు గుడ్లే పెడతాయి. అంటే ఆ రోజు మార్కెట్లో ఆ అమ్మ సరిగ్గా తలకిందులుగా చూసింది. తప్పు ఆమెది కాదు, ఆమెకు చెప్పినవాళ్లది.

ఇంకొకటి. నిమ్మరసం వేసి రుద్దితే రంగు పోతే అది నకిలీ గుడ్డని వీడియోలు తిరుగుతున్నాయి. దాన్ని నమ్మి మన అక్కల గుడ్ల మీద నిమ్మకాయ పిండి గొడవ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. గోధుమ రంగు పెంకు పైపొరలోనే ఎక్కువగా ఉంటుంది. పులుపు తగిలితే పెంకులో ఉన్న సున్నమే కరుగుతుంది, రంగు దానితోపాటు ఊడివస్తుంది. పెట్ట పెట్టిన అసలు రంగు కూడా నిమ్మరసానికి పోతుంది. కాబట్టి ఆ పరీక్ష దొంగను పట్టదు, దొరను దొంగను చేస్తుంది.

ఇక రంగు పుట్టే తీరు. పెట్ట కడుపులో సొన విడుదలైన తర్వాత గుడ్డు బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టే సంచిలోనే ఉంటుంది. మొదట సున్నం పేరుకుంటుంది. చివరి కొన్ని గంటల్లో రంగు పడుతుంది. ఆ రంగు పేరు ప్రోటోపార్ఫిరిన్. నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థం తయారయ్యే దారిలోనే ఇదీ తయారవుతుంది. అందుకే ఎర్ర గుడ్డు పగలగొట్టి పెంకు లోపలివైపు చూడండి, తెల్లగానే ఉంటుంది. గోడ కట్టడం అయిపోయాక చివరికి పూత వేసినట్టు. అప్పుడే పెట్టిన తడి గుడ్డును వేలితో గట్టిగా రుద్దితే ఒక్కోసారి మరక కూడా కదులుతుంది. ఈ చివరి గంటల్లో పెట్ట బెదిరినా, ఎండకు వగర్చినా పూత సరిగ్గా పడదు. దీపావళి టపాకాయల మరుసటి రోజు మా పెట్టలు పాలిపోయిన గుడ్లు పెట్టాయి. మే నెలలో రామగుండం ఎండ సంగతి మీకు చెప్పాలా? 45 డిగ్రీలు దాటిన వారంలో మంచి ముదురు పెట్ట గుడ్డు కూడా సుద్దముక్కలా ఉంటుంది. కోడికి ఊపిరి సంబంధమైన రోగం తగిలినా అంతే. ఇవన్నీ తెలియక మొదటి వేసవిలో మేం ఒక మంచి పెట్టను పనికిరాదని కూర వండుకున్నాం. ఆ కూర రుచి ఇప్పటికీ మాకు చేదే.

నీలం గుడ్ల సంగతి వేరు. దక్షిణ అమెరికాలో చిలీ దేశం ఉంది. అక్కడి మపుచే ఆదివాసులు తరతరాలుగా నీలం గుడ్లు పెట్టే కోళ్లను సాకుతున్నారు. లోకమంతా ఆ కోడిని అరౌకానా అంటుంది. ఎప్పుడో ఒక వైరస్ ముక్క కోడి జన్యువుల్లో చేరి ఉండిపోవడం వల్ల ఆ నీలం వచ్చిందని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. అది ఒక్క జన్యువు పని, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా బిడ్డలో కనబడుతుంది. నీలం పెంకు లోపలి దాకా నీలమే. గోధుమ రంగు అట్లా కాదు. దానికి చాలా జన్యువులు కలిసి పని చేస్తాయి, ఒక్కోటి కొంచెం కొంచెం. అందుకే ఒక తరంలో రాదు. ఏరాలి, పొదిగించాలి, మళ్లీ ఏరాలి.

అట్లా ఏరి ఏరి పేరు తెచ్చుకున్న కోడి ఫ్రాన్స్ దేశంలో ఉంది. సముద్రం దగ్గరి చిత్తడి నేలల్లో మారన్స్ అనే చిన్న ఊరు. ఆ ఊరి కోడి గుడ్డు కాల్చిన ఇప్పపువ్వు రంగులో ఉంటుంది. 1930ల మొదట్లో దానికి జాతి లక్షణాలు రాసుకున్నారు. గుడ్డు రంగుకు 1 నుంచి 9 దాకా అంకెలేసిన పట్టిక ఒకటి పెట్టుకున్నారు. మనం గర్వపడే సంగతి ఒకటుంది. యూరప్ దేశాలకు ముదురు గుడ్డు రంగు వెళ్లింది మన ఆసియా కోళ్ల నుంచే. 19వ శతాబ్దంలో ఓడల మీద వెళ్లిన చైనా వైపు కోళ్లను అక్కడి కోళ్లతో కలిపారు.

ఇక్కడ కడక్‌నాథ్ మాట రాకుండా ఉండదు. మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతంలో భిల్లు, భిలాల ఆదివాసులు కాపాడిన కోడి అది. ఈకలు, తోలు, మాంసం, ఎముక దాకా నలుపు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక ఆదివాసీ సమాజం సాకిన కోడికి దేశం ముద్ర వేసిందంటే అది మామూలు సంగతి కాదు. కానీ దాని గుడ్డు నల్లగా ఉండదు. లేత గోధుమ రంగే. నల్ల గుడ్ల ఫోటోలు పెట్టి వందలకు వందలు గుంజుతున్నారు. మీలో ఎవరైనా డబ్బులు పంపే ముందు మమ్మల్ని ఒక మాట అడగండి.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధనా సంచాలక కార్యాలయం 1988 నుంచి ఉంది. పల్లెల్లో, ఆదివాసీ గూడేల్లో పెరట్లో పెంచుకోవడానికి వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే కోళ్లను అక్కడే తయారుచేశారు. మూడూ రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే ఉంటాయి, గోధుమ రంగు గుడ్లు పెడతాయి. గ్రామప్రియ బాగా చూసుకుంటే 72 వారాల వయసుకు 200 పైగా గుడ్లు పెడుతుంది. మన నాటు పెట్ట ఏడాదికి 50 నుంచి 80 పెడితే గొప్ప. మరి అదే తెచ్చుకుంటే సరిపోదా అని అడుగుతారు. గుడ్లే కావాలంటే సరిపోతుంది, తెచ్చుకోండి, మేం వద్దనం. మాలో ఒకరి ఇంట్లో తెచ్చారు కూడా. కానీ అవి వేరువేరు వంశాలను కలిపి పుట్టించిన కోళ్లు. వాటి బిడ్డలు తల్లిలా ఉండవు కాబట్టి ప్రతిసారీ పిల్లలను కొత్తగా కొనుక్కోవాలి. మేం తొందరపడి ఒక గ్రామప్రియ పుంజును మన పెట్టల మీద వదిలాం. దాని బిడ్డలు ఎర్రటి గుడ్లు పెట్టాయి, నిజమే. కానీ వాటిలో చాలావరకు పొదుగుకు కూర్చోలేదు. గుడ్డు పెట్టి, అరిచి, వెళ్లిపోయేవి. కరెంటు మిషను లేని ఇంట్లో పొదగని పెట్టతో వంశం ఎట్లా నడుస్తుంది? అప్పుడు అర్థమైంది మాకు, మనం రంగు కోసం పోతూ ఏం జారవిడుస్తున్నామో.

అందుకని మొదటినుంచి మొదలుపెట్టాం. చుట్టుపక్కల మన ఇళ్లల్లో తిరిగి ప్రతి పెట్ట గుడ్డునూ చూశాం. ఇరవై మూడు పెట్టల్లో నాలుగంటే నాలుగు కాస్త ముదురు గుడ్లు పెడుతున్నాయి. ఆ నాలుగే మాకు మూలం.

చూడటం అన్నామే, అదే కష్టం. రంగును మాటల్లో రాసుకుంటే రేపటికి మాట మారిపోతుంది. పగిలిన పెంకుల నుంచి ఐదు ముక్కలు ఏరి అట్టకు అంటించాం. తెల్లనిది ఒకటి, ముదురుది ఐదు. ఐదోది మన పెట్టది కాదు, బజారులో కొన్న ఫారం ఎర్ర గుడ్డుది. అది మాకు ఎదురుగా పెట్టుకున్న గుర్తు. ఆ అట్టను వెలుతురులో ఉంచితే పెంకు ముక్కలే వెలిసిపోతాయి, ఎందుకంటే ఈ రంగు వెలుతురుకు నిలవదు. అందుకే రేకు డబ్బాలో పెట్టి చూసేటప్పుడే తీస్తాం. చూడటం కూడా పొద్దుటి పూట నీడలోనే. బల్బు కింద ప్రతి గుడ్డూ బంగారమే.

ఏ గుడ్డు ఏ పెట్టదో తెలియాలి కదా. ఇళ్లల్లో అవ్వలు గుడ్డు ఆకారం చూసే చెప్పేస్తారు, ఇది నల్లదానిది, ఇది బోడమెడదానిది అని. మాకు అంత కన్ను లేదు. స్వీట్లలో వేసే రంగు ఒక చుక్క పెట్టకు గుడ్డు వచ్చే దారి దగ్గర రాస్తే గుడ్డు మీద గీత పడుతుంది. ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి గులాబీ. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో గుడ్లు హోలీ ఆడినట్టుండేవి.

ఎప్పటి గుడ్డు చూడాలన్నది ఇంకా పెద్ద సంగతి. పెట్ట పెట్టడం మొదలుపెట్టిన కొత్తలో గుడ్లు ముదురుగా ఉంటాయి. పెడుతూ పోయేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, ఉన్న రంగే ఎక్కువ పెంకు మీద పరుచుకుంటుంది, పాలిపోతుంది. పొదిగి, పిల్లలను తిప్పి, విశ్రాంతి తీసుకున్నాక మళ్లీ ముదురు గుడ్డుతో మొదలవుతుంది. ఒకదాని మొదటి గుడ్డునూ ఇంకొకదాని పన్నెండో గుడ్డునూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్తే అన్యాయం. మేం ప్రతి పెట్టకూ మూడో గుడ్డు నుంచి పదో గుడ్డు దాకా రాసుకుంటాం. మొదటి రెండింటిని లెక్కలోకి తీసుకోం. ఏడాదికి పది గుడ్లు పెట్టి అన్నీ ముదురుగా పెట్టే పెట్టకు కూడా మేం మోసపోము. అది ఇంటికి పనికిరాదు.

మరి పుంజు సంగతి? పుంజు గుడ్డు పెట్టదు. కానీ బిడ్డ పెట్టలో రంగుకు సగం పాలు దానిదే. ఈ మాట చెప్తే మా నాన్నలు నమ్మలేదు. పాలిచ్చే బర్రె కోసం మంచి దున్నపోతును వెతకరా? అదే ఇది. పుంజును దాని తల్లి గుడ్డు చూసి ఏరాలి, అక్కాచెల్లెళ్ల గుడ్లు చూసి ఏరాలి, ఆఖరికి దాని బిడ్డల గుడ్లు చూసి ఖాయం చేయాలి. ఈకల అందం చూసి, కూత చూసి ఏరితే రంగు రాదు. మనవాళ్లు కోడి ఈకల రంగును చాలా పట్టించుకుంటారు. ఏ వేల్పుకు ఏ రంగు కోడి అన్నది ఇంటింటికీ తెలుసు. దాన్ని మేం కదిలించలేదు. ఈకల రంగు దాని దారిన అది ఉంటుంది, గుడ్డు రంగు వేరే లెక్క.

మంచి ముదురు గుడ్డుతో ఇంకో చిక్కుంది. పొదిగేసిన ఏడో రోజు లోపల పిండం కట్టిందో లేదో వెలుతురు పట్టి చూస్తాం. పెంకు ముదిరేకొద్దీ వెలుతురు దూరదు. నాన్న క్యాప్ ల్యాంపు తెస్తే భలే కనబడుతుందని మాలో ఒకడికి ఆశ. అది ల్యాంపు రూములో అప్పజెప్పాల్సిందే, ఇంటికి రాదు. చివరికి అట్టపెట్టెకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, చీకట్లో సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూస్తున్నాం.

ఇప్పుడు మేం చేసిన పెద్ద తప్పు చెప్తాం. ఈ సభలో మమ్మల్ని మాట్లాడమన్నది అసలు అందుకే.

రెండో తరంలో మాకు ఒక పెట్ట దొరికింది. దాని గుడ్డు మా అట్ట మీది నాలుగో ముక్కను మించింది. దాన్ని తేనె పెట్ట అన్నాం. మేం ఐదుగురం పిచ్చోళ్లమైపోయాం. దాని కొడుకునే పుంజుగా పెట్టాం, దాని మీదా, దాని బిడ్డల మీదా, అన్నింటి మీదా ఆ ఒక్క పుంజే. రంగు కలిసి వచ్చింది. మూడో తరం పెట్టలు వరసగా ముదురు గుడ్లు పెట్టాయి. ఫోటోలు తీసి అందరికీ పంపాం, అడిగినవాళ్లకు ఇస్తామని మాటిచ్చాం. ఆ చలికాలం నాలుగు గంపల కింద గుడ్లు పొదిగేశాం. పన్నెండు పెడితే తొమ్మిదో పదో పిల్లలు లేచేవి. ఆసారి నాలుగు, ఐదు లేచాయి. లేచినవాటిలో కాళ్లు వంకర ఒకదానికి. మిగిలినవి నీరసంగా రెక్కలు వేలాడేసుకుని నిలబడ్డాయి. రోగమేమోనని మందులు తిప్పాం. మేత మార్చాం. గంప మార్చాం.

మాలో ఒకరి అవ్వ వచ్చి చాలాసేపు చూసింది. మందు గురించి అడగలేదు. మేత గురించి అడగలేదు. పుంజును చూపించి ఒకటే అడిగింది. ‘గీ పుంజు ఆ పెట్టలకేమైతది?’

మాలో ఎవరికీ నోరు పెగల్లేదు. కొడుకు అవుతుంది. అన్న అవుతుంది. తండ్రి కూడా అవుతుంది.

‘మనింట్ల పిల్లకు సంబంధం అస్తే ముందుగాల ఏమడుగుతం? ఏ సగ అని అడుగుతం. మీరు కోడికి అడగకపోతిరి’ అంది.

గోండుల్లో నాలుగు దేవుళ్లవాళ్లు, ఐదు దేవుళ్లవాళ్లు, ఆరు, ఏడు దేవుళ్లవాళ్లు అని సగలున్నాయి. ఒక సగ వాళ్లంతా అన్నదమ్ములే, వాళ్లలో వాళ్లకు పెళ్లి లేదు. కోయల్లో అదే మాటను గట్టు అంటారు. చిన్నప్పటి నుంచి మనం వింటున్నదే. చదువుకుని వచ్చిన మాకు అది పాత కట్టుబాటులా కనబడేది. గుడ్డు రంగు కోసం శాస్త్రం చదివాం, యూట్యూబ్ చూశాం, ఫ్రాన్స్ పట్టిక చూశాం. ఇంట్లో రోజూ వినబడే మాట చెవికెక్కలేదు.

తర్వాత చదివితే తెలిసింది, చిన్న మందలను నిలబెట్టడానికి కోళ్ల పెంపకందార్లు వాడే పద్ధతి ఒకటుందని. ఇంగ్లిషులో దాని పేరు క్లాన్ మేటింగ్. క్లాన్ అంటే మనం సగ, గట్టు అంటున్నామే, అదే మాట. మందను మూడు పాయలుగా విడదీస్తారు. పెట్టపిల్లలు పుట్టిన పాయలోనే ఉంటాయి. పుంజుపిల్లలు మాత్రం ప్రతి తరం పక్క పాయకు పోతాయి. మొదటి పాయ పుంజు రెండోదానికి, రెండోదాని పుంజు మూడోదానికి, మూడోదాని పుంజు మొదటిదానికి. ఏ పుంజూ పుట్టింటి పెట్టలను కలవదు.

మేం అదే మొదలుపెట్టాం. ఒక దడి గోదావరిఖనిలో, ఒకటి యైటింక్లైన్ కాలనీలో, ఒకటి సెంటినరీ కాలనీ అవతల. ఒక్కో దడికి ఎనిమిది పెట్టలు, రెండు పుంజులు. మేం ఉత్సాహంలో దడులకు సగల పేర్లే పెడదామన్నాం. అవ్వ ఒప్పుకోలేదు. దేవుళ్ల లెక్క కోళ్లకు పెట్టొద్దంది. ఆమె మాట సరైనదే. చెట్ల పేర్లు పెట్టుకున్నాం, ఇప్ప, తునికి, మోదుగ. పిల్ల లేవగానే కాలికి ఆ దడి గుర్తుగా రంగు దారం కడతాం, పెరిగేకొద్దీ వదులు చేస్తాం. మన దగ్గర బిడ్డకు తండ్రి సగ వస్తుంది, కోళ్ల దగ్గర మేం తల్లి దడి పేరే ఇస్తున్నాం. ఈ సంగతి చెప్తే అవ్వ పడీపడీ నవ్వింది.

మన మూడు దడులే సరిపోవు కాబట్టి మంథని వైపు ఒక గూడెం నుంచి, గోదావరి దాటి మంచిర్యాల వైపు ఒక గూడెం నుంచి రెండు పుంజులను తెచ్చాం. వాటి తల్లుల గుడ్లు అంత ముదురు కావు. ఆ తరంలో మా గుడ్ల రంగు ఒక మెట్టు వెనక్కి పోయింది. మాలో ఇద్దరికి అది మింగుడు పడలేదు, మాటా మాటా అనుకున్నాం కూడా. కానీ గంప కింద పన్నెండుకు తొమ్మిది పిల్లలు లేచాయి. కిందటేడాది పెట్టల్లో రంగు మళ్లీ ఎక్కింది. ఇవాళ్టికి మా పెట్టల్లో దాదాపు సగం మూడో ముక్కకు, నాలుగో ముక్కకు మధ్య పెడుతున్నాయి. ఐదో ముక్కను ఇంకా ఏ పెట్టా అందుకోలేదు. మారన్స్ గుడ్డు రంగు మాకు వస్తుందని ఎవరికీ చెప్పం.

ఏరేటప్పుడు వరస కూడా మార్చుకున్నాం. మొదట చూసేది పెట్ట పొదిగిందా, పిల్లలను గద్దకు, ముంగిసకు దొరక్కుండా తిప్పిందా అన్నది. తర్వాత ఆ ఏడాది మే నెలను ఎట్లా తట్టుకుందన్నది. ఈ రెండూ దాటిన పెట్టల్లోంచే రంగు చూస్తాం. రంగు ఒక్కటే ఉండి మిగిలినవి లేని పెట్టను కూరకే పంపుతాం, ఫోటో ఎంత బాగా వచ్చినా సరే. కొక్కెర తెగులు టీకా మాత్రం ఏ దడిలోనూ తప్పదు. ఐదు నుంచి ఏడు రోజుల పిల్లకు లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది. ఒక్క తెగులుకు మూడేళ్ల లెక్క ఒక్క వారంలో పోతుంది. దడులు దూరదూరంగా పెట్టింది కూడా అందుకే.

అమ్మకం సంగతి అడుగుతారు. అత్త ఇప్పుడు అదే లక్ష్మీనగర్‌లో కూర్చుంటోంది. గంపలో లేత గుడ్లు, ముదురు గుడ్లు కలిపే పెడుతుంది, ఒకే ధరకు. ఎవరైనా ఎర్రవి ఏరి తీసుకోబోతే, ‘ఇవన్నీ ఒక్క దడి పెట్టలవే అమ్మా, తల్లి తెల్లగుంటే బిడ్డ ఎర్రగుండొద్దా’ అంటుంది. కొందరు నవ్వి కలిపి తీసుకుంటారు. కొందరు ఇప్పటికీ పక్క బండికే పోతారు. ముదురు గుడ్డు చూసి ఆగినవాళ్లకు లేత గుడ్డు సంగతి చెప్పే వీలు మాత్రం దొరికింది.

దసరా దాటాక పుంజులు దడులు మారతాయి. ఇప్ప పుంజులు తునికికి, తునికివి మోదుగకు, మోదుగవి ఇప్పకు. అప్పుడే పొదుగులు కూడా పెడతాం. మీలో ఎవరికైనా పొదిగేసుకోవడానికి గుడ్లు కావాలంటే ఇస్తాం, డబ్బులు వద్దు. మీ ఇంటి పెట్టవి, వారం దాటనివి, ఎన్ని గుడ్లు తెస్తే మావి అన్ని తీసుకుపొండి. లేత రంగువైనా సరే, తెల్లవైనా సరే. కాకపోతే ఆ పెట్ట ఎవరింటిది, దాని తల్లి ఏ ఊరి నుంచి వచ్చింది, పుంజు ఎవరిది అన్నది చెప్పాలి. మేం అడగడం మరిచిపోయినా పర్వాలేదు. అవ్వ అదిగో, ముందు వరసలోనే కూర్చుంది. ఆమె అడుగుతుంది.